సూది మొన నుంచి తెర మీదికి

తొమ్మిదేళ్ల పిల్లవాడు ఒకడు ఉన్నాడనుకోండి. హాయిగా తింటున్నాడు, ఆడుకుంటున్నాడు, బడికి వెళ్తున్నాడు. పైకి ఏ జబ్బూ లేదు. కానీ మూత్రం ఎప్పుడు పరీక్ష చేయించినా ఎర్ర రక్తకణాలు కనిపిస్తున్నాయి. ఆరా తీస్తే వాళ్లమ్మకూ అలాగే ఉందని తేలింది. మేనమామకు చిన్న వయసులోనే చెవుడు వచ్చిందనీ, ఆ తర్వాత కిడ్నీలు పాడయ్యాయనీ అమ్మమ్మ గుర్తు చేసుకుంది. డాక్టరుగారు కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూద్దామన్నారు. బయాప్సీ చేశారు. మామూలు మైక్రోస్కోప్ కింద చూస్తే అంతా సవ్యంగానే ఉంది.

మరి రక్తం ఎక్కడి నుంచి వస్తున్నట్టు?

ఇక్కడ రెండు అవకాశాలున్నాయి. ఒకటి, కిడ్నీలో రక్తాన్ని వడగట్టే పొర పుట్టుకతోనే పలచగా ఉండటం. అలాంటివాళ్లలో చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా జీవితం గడిపేస్తారు. రెండోది ఆల్పోర్ట్ అనే వైద్యుడు 1927లో ఒక కుటుంబంలో గమనించి వర్ణించిన జబ్బు. అందులో ఆ పొర చీలికలు పీలికలవుతుంది, చెవులు దెబ్బతింటాయి, కొన్నేళ్లకు కిడ్నీలు పనిచేయడం మానేస్తాయి. మొదటిదైతే అప్పుడప్పుడూ పరీక్షలు చేయించుకుంటే చాలు. రెండోదైతే ఈ రోజు నుంచే మందులు మొదలుపెట్టాలి. ఈ రెంటినీ విడదీయడానికి జన్యు పరీక్ష ఒక దారి. ఆ పొరనే నేరుగా చూపించే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఇంకో దారి.

ఆ మైక్రోస్కోప్ గొప్పతనం గురించి మీరు వినే ఉంటారు. ఈ రోజు నేను చెప్పాలనుకున్నది దాని ముందుకు చేరేలోపు ఆ చిన్న ముక్క చేసే ప్రయాణం గురించి. ఎన్నో ఏళ్లుగా నా చేతులకు తెలిసిన పని అదే.

ముందు ఒక కొలత చెప్పుకుందాం. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక నానోమీటరు. మన తలవెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. మామూలు మైక్రోస్కోప్‌లో ఎంత మంచి కటకాలు పెట్టినా, 200 నానోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు చుక్కలు కలిసిపోయి ఒకటిగానే కనిపిస్తాయి. వెలుతురు అలకున్న హద్దు అది. కిడ్నీలోని వడపోత పొర పెద్దవాళ్లలో సుమారు 300 నుంచి 400 నానోమీటర్లు ఉంటుంది, పిల్లల్లో ఇంకా తక్కువ. అంటే ఆ పొర ఉందో లేదో తెలుస్తుంది గానీ దాని లోపల ఏం జరిగిందో వెలుతురుతో తెలియదు.

1931లో బెర్లిన్‌లో ఎర్న్‌స్ట్ రుస్కా, మాక్స్ నోల్ వెలుతురుకు బదులు ఎలక్ట్రాన్లను వాడారు. గాజు కటకాల చోట అయస్కాంతాలను పెట్టి ఆ ఎలక్ట్రాన్లను వంచారు. ఆ పనికి రుస్కాకు నోబెల్ బహుమతి వచ్చింది 1986లో, అంటే 55 ఏళ్ల తర్వాత. యంత్రం వచ్చిందని జీవశాస్త్రవేత్తలు సంబరపడ్డారు కానీ, వెంటనే చిక్కు ఎదురైంది. ఎలక్ట్రాన్లు గాలి తగిలినా చెదిరిపోతాయి, కాబట్టి లోపల శూన్యం ఉండాలి. మన ఒంట్లో సగానికి పైగా నీరే. శూన్యంలో పెడితే ఆ నీరు క్షణంలో ఆవిరైపోయి కణాలు నలిగి ముద్దవుతాయి. పైగా ఎలక్ట్రాన్లు మందంగా ఉన్నదేనినీ దాటి పోలేవు. 1945లో కీత్ పోర్టర్, ఆల్బర్ట్ క్లాడ్, ఎర్నెస్ట్ ఫుల్లమ్ మొదటిసారి ఒక పూర్తి కణాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో ఫొటో తీశారు. కోడి పిండం నుంచి తీసి పెంచిన కణం అది. పలచగా పరుచుకుని పెరిగింది కాబట్టే సాధ్యమైంది. కిడ్నీ, కాలేయం, మెదడు అలా పరుచుకోవు కదా. వాటిని చూడాలంటే నీరు పోవాలి, కానీ ఆకారం పోకూడదు. అంత పలచగా కోయాలి, కానీ చిరగకూడదు. ఈ రెండూ సాధించడానికి మరికొన్నేళ్లు పట్టింది.

ఇక మన ముక్క దగ్గరికి వద్దాం. సూదితో కిడ్నీ ముక్క తీసే పద్ధతిని కోపెన్‌హేగన్‌లో ఇవర్సన్, బ్రున్ అనే వైద్యులు 1951లో లోకానికి తెలియజేశారు. ఇప్పుడైతే అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటూ సూది వేస్తారు. బయటికి వచ్చే ముక్క సేమ్యా పోగంత. మందం మిల్లీమీటరు, పొడవు ఒకటి ఒకటిన్నర సెంటీమీటర్లు. అందులోనే మూడు పరీక్షలు జరగాలి. కొంత మామూలు మైక్రోస్కోప్ కోసం ఫార్మలిన్‌లోకి, కొంత ప్రతిరక్షకాలను వెలిగించి చూసే పరీక్షకు, కొంత మాకు. మాకు కావలసింది చాలా తక్కువ. ఆవగింజంత ముక్క రెండో మూడో ఉంటే చాలు. కానీ ఆ ఆవగింజలో వడపోత గుచ్ఛం ఉండాలి. దాన్నే గ్లోమెరులస్ అంటారు. భూతద్దం కింద చూస్తే పోగు పొడవునా ఎర్రటి చుక్కల్లా కనిపిస్తాయి అవి. చుక్కలు లేవంటే సూది లోతుకు పోయి కిడ్నీ లోపలి భాగంలోంచి తెచ్చిందన్నమాట. అందులో వెతికినా ప్రయోజనం ఉండదు.

ఈ మొదటి నిమిషాన్ని నేను అన్నిటికంటే ఎక్కువ గౌరవిస్తాను. రక్తసరఫరా తెగిన క్షణం నుంచి కణం తనను తాను కరిగించుకోవడం మొదలుపెడుతుంది. ముందు మైటోకాండ్రియాలు ఉబ్బుతాయి, తర్వాత పొరలు వదులవుతాయి. పైకి ముక్క అలాగే ఉంటుంది, లోపల మాత్రం ఇల్లు కూలుతూ ఉంటుంది. అందుకే గ్లుటరాల్డిహైడ్ ద్రావణం సీసాలో పోసి, చల్లగా, పక్కనే సిద్ధంగా ఉండాలి. ముక్క రాగానే కొత్త బ్లేడుతో ఒక్క కోత. పట్టకారుతో నొక్కకూడదు, లాగకూడదు. ఈ ద్రావణం తగిలిన బ్లేడు ప్రతిరక్షకాల పరీక్షకు వెళ్లే ముక్కకు తగలకూడదు. తగిలితే ఆ పరీక్ష పాడవుతుంది.

గుడ్డు ఉడికిస్తే తెల్లసొన గట్టిపడి కదలకుండా నిలుస్తుంది కదా. వేడి చేసే ఆ పనిని ఇక్కడ గ్లుటరాల్డిహైడ్ వేడి లేకుండా చేస్తుంది. దాని అణువుకు రెండు కొసలుంటాయి. ఒక్కో కొసతో ఒక్కో ప్రోటీన్‌ను పట్టుకుని, పక్కపక్కనున్న వాటిని కట్టేస్తుంది. 1963లో సబటినీ, బెన్ష్, బార్నెట్ దీని విలువ చూపించారు. ఒక్కటే లోపం, ఇది లోపలికి చాలా నెమ్మదిగా ఇంకుతుంది. అందుకే ముక్క ఒక మిల్లీమీటరు దాటకూడదంటాం. పెద్ద ముక్క వేస్తే పైభాగం నిలబడుతుంది, నడుమ భాగం ఈలోగా చెడిపోతుంది. ద్రావణంలో ఉప్పుల పాళ్లు కూడా మన ఒంటికి సరిపడా ఉండాలి. ఉప్పు తక్కువైతే కణాలు నానిన ఎండుద్రాక్షల్లా ఉబ్బుతాయి. ఎక్కువైతే ఉప్పు చల్లిన దోసకాయ ముక్కల్లా ముడుచుకుపోతాయి. మైక్రోస్కోప్‌లో చూసేవాళ్లు ఆ ఉబ్బునో ఆ ముడతనో జబ్బని పొరబడే ప్రమాదముంది.

ఒకసారి మా దగ్గరికి ఒక సీసా వచ్చింది. మూత తీస్తే ద్రావణం ఉంది, ముక్క ఉంది, దాంతో పాటు రెండు దూది నూలు పోగులు కూడా ఉన్నాయి. ముక్క తీయగానే పొడి నూలు గుడ్డ మీద పెట్టి, ఎవరో వచ్చి అడిగేదాకా అలాగే ఉంచి, ఆ తర్వాత ద్రావణంలో వేశారు. వాళ్ల తప్పు అనలేను, ఆ ముక్కకు గాలి కూడా శత్రువని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మేం చేయగలిగినవన్నీ చేశాం. తెర మీద కణాలు ఎండిన చెరువు అడుగులా పగుళ్లిచ్చి ఉన్నాయి. ఏమీ చెప్పలేమని రాయాల్సి వచ్చింది. ఆ మనిషికి మళ్లీ సూది వేశారు. మళ్లీ ఆరేడు గంటలు వెల్లకిలా కదలకుండా పడుకోబెట్టారు. రక్తం కారుతుందేమోనన్న భయం ఇంట్లోవాళ్లకు మళ్లీ మొదలైంది. ఒక్క చెమ్మ గుడ్డ ఉంటే తప్పిపోయే కష్టం అది. ఆ రోజు నుంచి బయాప్సీ గదుల్లో పనిచేసేవాళ్లతో మాట్లాడే అవకాశం వస్తే నేను వదులుకోలేదు.

తర్వాతి మజిలీ ఆస్మియం టెట్రాక్సైడ్. కణాల పొరలు కొవ్వుతో చేసినవి. గ్లుటరాల్డిహైడ్ ప్రోటీన్లను పట్టుకుంటుంది కానీ కొవ్వును వదిలేస్తుంది. ఆస్మియం ఆ కొవ్వును పట్టుకుని, తానే అక్కడ స్థిరపడిపోతుంది. ఈ పద్ధతిని 1952లో జార్జ్ పలాడే సరైన పాళ్లతో స్థిరపరిచాడు. కణం లోపలి నిర్మాణాన్ని విప్పి చూపినందుకు ఆయనకు, క్లాడ్‌కు, దె దువ్‌కు కలిపి 1974లో నోబెల్ ఇచ్చారు. లేత రంగులో ఉన్న ముక్క ఆస్మియంలో పడ్డాక కాఫీగింజలా నల్లబడుతుంది. ఎంత మేలు చేస్తుందో అంత ప్రమాదకరమైనది కూడా. దాని ఆవిరి కంటి పొరను కూడా మా ముక్కలాగే గట్టిపరిచేయగలదు. అందుకే గాలిని బయటికి లాగే పెట్టెలోనే, చేతి తొడుగులతోనే ముట్టుకుంటాం. మిగిలిన ద్రావణాన్ని వంటనూనెలో కలుపుతాం. కొవ్వంటే దానికున్న ఆకలిని నూనెతోనే తీర్చి, విషం విరిచేస్తామన్నమాట.

ఇప్పుడు నీటిని తీసేయాలి. మన ఇళ్లలో ఆవకాయ పెట్టేటప్పుడు అమ్మలు ఎంత జాగ్రత్తపడతారో మీకు తెలుసు. మామిడికాయలు కడిగి, పొడి బట్టతో తుడిచి, ఆరబెట్టి, ఆ తర్వాతే కోస్తారు. జాడీలో తడి గరిటె పెట్టనివ్వరు. మా పనీ అంతే. ముక్కను 50 శాతం ఆల్కహాల్‌లోంచి 70లోకి, 90లోకి, చివరికి నీటి జాడే లేని ఆల్కహాల్‌లోకి మెట్టుమెట్టుగా మారుస్తాం. తొందరపడి ఒక్కసారిగా వేస్తే ముడుచుకుపోతుంది. ఆల్కహాల్ పోయి ప్రొపిలీన్ ఆక్సైడ్ వస్తుంది, దాని చోట్లోకి తేనెలా జిగటగా ఉండే రెసిన్ నెమ్మదిగా ఇంకుతుంది. ముందు సగం సగం కలిపి, తర్వాత అచ్చంగా రెసిన్‌లో రాత్రంతా. ఎక్కడైనా ఒక్క బొట్టు తేమ మిగిలిందా, అక్కడ రెసిన్ గట్టిపడదు, కత్తి తగలగానే ఆ చోటు ఊడిపోతుంది. ఆవకాయ జాడీలో తడి గరిటె లాంటిదే అది.

అచ్చులో ముక్కను పేర్చి, పక్కనే ఒక చిన్న కాగితం పెడతాం. దాని మీద నంబరు పెన్సిల్‌తో రాస్తాం, ఎందుకంటే పెన్ను సిరా ఈ ద్రావణాల్లో కరిగిపోతుంది. 60 డిగ్రీల వేడిలో ఒకటి రెండు రోజులుంచితే అంతా కలిసి లేత పసుపు రంగు గాజులా బిగుసుకుంటుంది. నల్లటి చుక్క, దాని పక్కన ఆ నంబరు. ఇలా తయారైన బ్లాకులు దశాబ్దాల పాటు చెక్కుచెదరవు. ఆ నంబరు వెనక ఒక మనిషి ఉన్నాడని నేను ప్రతిసారీ గుర్తుచేసుకుంటాను.

ఆ తర్వాత కోత. మొదట ఒక మైక్రోమీటరు మందంలో కొన్ని పొరలు తీసి, టాలుయిడిన్ బ్లూ అనే నీలి రంగు వేసి మామూలు మైక్రోస్కోప్‌లో చూస్తాం. గుచ్ఛం ఎక్కడుందో కనిపెట్టి, దాని చుట్టూ ఉన్నదాన్ని చెక్కేసి, బ్లాకు ముఖాన్ని సూదిమొనకు దగ్గరగా చిన్నది చేస్తాం. అసలు కోతలు 60 నుంచి 90 నానోమీటర్లు. ఒక తలవెంట్రుకను నిలువునా వెయ్యి పొరలుగా చీల్చడంతో సమానమిది. ఉక్కు ఇంత పదును నిలబెట్టుకోలేదు. 1950లో లట్టా, హార్ట్‌మన్ పగిలిన గాజు అంచు ఇందుకు పనికొస్తుందని చూపించారు. వెనిజులా శాస్త్రవేత్త ఫెర్నాండెజ్ మొరాన్ ఆ తర్వాత వజ్రపు కత్తి తెచ్చాడు. ఇప్పటికీ ఈ రెండే మా ఆయుధాలు.

కత్తి వెనక చిన్న తొట్టి, అందులో నీళ్లు. బ్లాకు పైకీ కిందికీ కదులుతూ కత్తి అంచును తాకినప్పుడల్లా ఒక పొర తెగి నీటి మీద తేలుతుంది. ఆ పొరలు ఒకదాని వెనక ఒకటి రైలు పెట్టెల్లా వరసకడతాయి. అంత పలచటిదాన్ని ఎలా కొలుస్తారని అడుగుతారేమో. రంగే చెబుతుంది. వానాకాలంలో రోడ్డు మీది నీటిలో నూనె బొట్టు పడితే రంగులు విచ్చుకుంటాయి కదా, ఇక్కడా అదే. పొర వెండిలా మెరిస్తే సుమారు 60 నుంచి 90 నానోమీటర్లు, మాకు కావలసింది అదే. బంగారంలా మెరిస్తే మందం ఎక్కువ. బూడిద రంగైతే మరీ పలచన. ఈ పనిలో మేం బంగారం వద్దని వెండి ఏరుకుంటాం.

ఆ పొరలను కదపడానికి ఏ పరికరమూ పనికిరాదు, ముట్టుకుంటే చిరిగిపోతాయి. అందుకే ఒక సన్నని పుల్ల చివర గోళ్ల రంగుతో కనురెప్ప వెంట్రుక ఒకటి అతికిస్తాం. దాంతో మెల్లగా నెట్టుకుంటూ వస్తాం. కోత ఒత్తిడికి పొరలో పడ్డ ముడతలు పోవాలంటే క్లోరోఫాం తడిపిన దూదిని పైన చూపిస్తే చాలు, ఆవిరికే సాగి చదునవుతుంది. చివరగా మూడు మిల్లీమీటర్ల రాగి జల్లెడతో నీటి మీంచి పొరను ఎత్తుకుంటాం. ఈ పనంతా అయ్యేదాకా ఫ్యాను ఆగి ఉంటుంది, తలుపు మూసి ఉంటుంది, మనం ఊపిరి బిగబట్టి ఉంటాం. తుమ్మొస్తే అరపూట పని గాలికి పోతుంది.

ఇంకా ఒక అడుగుంది. ఈ స్థితిలో పొరను తెర మీద చూస్తే పొగమంచులో ఊరిలా మసకగా ఉంటుంది. ఎలక్ట్రాన్లను అడ్డుకునే బరువైన లోహాలు కావాలి. అందుకే యురేనియం లవణాన్ని, తర్వాత సీసం లవణాన్ని ఎక్కిస్తాం. సీసానికి 1963లో రెనాల్డ్స్ రాసిన పాళ్లే ఈ నాటికీ ప్రయోగశాలల్లో నడుస్తున్నాయి. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే సీసం నల్లటి మచ్చలుగా పేరుకుని బొమ్మను పాడుచేస్తుంది. అందుకే మూత పెట్టిన గాజు పళ్లెంలో కాస్టిక్ సోడా బిళ్లలు పక్కన పెట్టి, ఆ గాలిని శుభ్రం చేసుకుని వేస్తాం. ఆ కొన్ని నిమిషాలు దాని మీద వంగి మాట్లాడను. నా ఊపిరిలో ఉన్నది కూడా కార్బన్ డయాక్సైడే కదా.

ఇప్పుడు తెర. తోలుబొమ్మలాటలో దీపానికీ తెరకూ నడుమ బొమ్మ ఉంటుంది. దీపం వెలుగును బొమ్మ ఎంత అడ్డుకుంటే అక్కడ అంత చీకటి. ఇక్కడ దీపం ఎలక్ట్రాన్ల కిరణం, బొమ్మ మన వెండి పొర. ఆస్మియం, యురేనియం, సీసం ఎక్కడ కూర్చున్నాయో అక్కడ నీడ. ఆ నీడల్లో వడపోత మొత్తం కనిపిస్తుంది. ఒక వైపు చిల్లుల రక్తనాళం గోడ, నడుమ బూడిద రంగు పట్టీలా వడపోత పొర, అవతలి వైపు కాళ్లు చాచి పట్టుకున్న కణాలు. ఆ కాళ్ల మధ్య సందు సుమారు 40 నానోమీటర్లు. 1957లో ఫార్కర్, వెర్నియర్, గుడ్ అనే శాస్త్రవేత్తలు ముఖం వాచి, మూత్రంలో ప్రోటీన్ పోయే రోగుల్లో ఆ కాళ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, సందులు మూసుకుపోవడం చూశారు. మామూలు మైక్రోస్కోప్ సవ్యంగానే ఉందన్న కిడ్నీలో జబ్బు ఎక్కడుందో ఆ నీడలు చూపించాయి.

మన పిల్లవాడి పొర ఎలా ఉంది? పట్టీ సమంగా, పలచగా మాత్రమే ఉంటే అతను మొదటి దారిలో ఉన్నాడనుకోవచ్చు. అయితే ఆల్పోర్ట్ జబ్బులోనూ చిన్న వయసులో పలచదనమే ముందు కనిపించవచ్చు. కాబట్టి ఇంట్లోవాళ్ల చరిత్ర, జన్యు పరీక్ష కలిపి చూడాలి. అదే పట్టీ ఒకచోట మందంగా, ఒకచోట పలచగా, లోపల పొరలు పొరలుగా విడిపోయి వెదురుబుట్ట అల్లికలా ఉంటే అనుమానం అక్కర్లేదు. అప్పుడు రక్తపోటుకు వాడే ఒక రకం మందులు ముందే మొదలుపెట్టి కిడ్నీల పతనాన్ని ఏళ్ల తరబడి వెనక్కి నెట్టవచ్చు. పట్టీ మందం కొలిచేటప్పుడు పొర నిటారుగా తెగిందో ఏటవాలుగా తెగిందో చూసుకోవాలి. ఏటవాలుగా తెగితే పలచటిదీ మందంగా కనిపిస్తుంది. కోసిన చేతి జాగ్రత్త అక్కడా అంకెలోకి వచ్చి చేరుతుంది.

ఈ చిన్న ముక్కల పని ఎంత దూరం పోగలదో 2024లో ఒక పరిశోధన చూపించింది. హార్వర్డ్, గూగుల్ శాస్త్రవేత్తలు మూర్ఛ రోగికి జరిగిన శస్త్రచికిత్సలో తీసిన మెదడు ముక్కను ఒక ఘన మిల్లీమీటరు మేర ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో పటం గీశారు. సుమారు 30 నానోమీటర్ల మందంలో 5,000 పైచిలుకు పొరలు కోశారు. దాదాపు 57,000 కణాలు, 15 కోట్ల నాడీ సంధులు అందులో తేలాయి. లోపలి మెదడు భాగం దగ్గరికి చేరడానికి సర్జన్లు తీసి పక్కన పెట్టాల్సిన చోటు అది. ఆ ముక్కను ఆపరేషన్ గదిలోనే వెంటనే ద్రావణంలో వేసి ఉండకపోతే, ఎన్ని కంప్యూటర్లు కలిసినా పటం గీసేవి కావు. నీటిని తీయకుండా క్షణంలో గడ్డకట్టించి, మంచు పలుకులు కట్టనీయకుండా చూసే పద్ధతి కూడా ఇప్పుడుంది. ప్రోటీన్లను అలా చూసినందుకే 2017 నోబెల్ వచ్చింది. అయినా ఆసుపత్రిలో రోజూ వచ్చే బయాప్సీకి ఈ పాత దారే దిక్కు.

వైద్య విద్యార్థులకు, ల్యాబ్ టెక్నీషియన్లకు నాది ఒక్క మనవి. ముక్క తీయకముందే సీసా సిద్ధంగా ఉందో లేదో చూడండి. పొడి గుడ్డ మీద పెట్టకండి. నంబరు రెండుసార్లు రాసి చూసుకోండి. ఫార్మలిన్‌లోకి వెళ్లి మైనంలో బిగిసిన ముక్కను కూడా వెనక్కి తెచ్చి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌కు పెట్టవచ్చు, కానీ పొరలు అప్పటికే చాలా నష్టపోయి ఉంటాయి. మొదటి నిమిషంలో పోయినదాన్ని ఎన్ని కోట్ల యంత్రమూ తిరిగి ఇవ్వలేదు. రోగుల బంధువులకూ ఒక మాట. బయాప్సీకి ఒప్పుకునే ముందు ముక్కతో ఏ పరీక్షలు చేస్తారో, మిగిలిన బ్లాకు ఏమవుతుందో అడగండి. అది మీ ఒంట్లోది, అడిగే హక్కు మీకుంది.

ఇప్పుడే ఎక్కడో ఒక బయాప్సీ గదిలో అలాంటి పిల్లవాడు బల్ల మీద బోర్లా పడుకుని, వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని ఉంటాడు. సూది బయటికి వస్తుంది. సేమ్యా పోగంత ముక్క. పక్కన చల్లటి సీసా మూత తీసి, చేత్తో పట్టుకుని ఎవరో ఒకరు నిలబడి ఉండాలి. ఆ పిల్లవాడికి రేపు వచ్చే జవాబు ఆ చేతిలోనే ఉంది.